రావద్దని కోరుకుంటూ పిలిచాను

సముద్రపు తాబేలు ఊపిరి తీసుకునే చప్పుడు మొదటిసారి విన్నప్పుడు, నా వెనక ఎవరో పెద్దమనిషి నిలబడి నిట్టూర్చాడనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. తొట్టెలో నీళ్ల మీద ఒక తల తేలుతోంది. బోడిగా, ముడతలు పడి, చివరి రోజుల్లో మా తాత తలలా ఉంది. అది నన్ను ఒక కంటితో చూసి మళ్ళీ నిట్టూర్చింది. చేతిలో బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నా వీసాలో ట్యాంకు క్లీనరు అని ఉంది. కువైట్‌లో నూనె ట్యాంకులే కడగాలేమో అనుకుని వచ్చాను. కొన్నాళ్ళు మేడల మీద మంచినీళ్ల ట్యాంకులు కడిగాను. తరువాత కంపెనీ నన్ను ఫహాహీల్ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక కేంద్రానికి పంపింది. దెబ్బతిన్న తాబేళ్ళనీ పక్షులనీ తెచ్చి, వైద్యం చేసి, మళ్ళీ వాటి చోటికి వాటిని పంపించే చోటు అది. సెలవు రోజుల్లో జనం, బడి రోజుల్లో పిల్లలు వచ్చి చూసి వెళ్తారు. నా పని తొట్టెలు కడగడం, నీళ్లు మార్చడం, మేత అందించడం.

మంగఫ్‌లో నాతో గదిలో ఉండేవాళ్ళందరూ కోనసీమవాళ్ళే. సాయంత్రం బస్సు దిగి లోపలికి రాగానే మొదలుపెట్టేవారు.

"ఏవండోయ్ కూర్మావతారం గారూ! ఇవాళ స్వామివారు ఏం ఆరగించారండీ?"

"దోసకాయ ముక్కలూ, లెట్యూసు ఆకులూ."

"చూశారా! మనకేమో నీళ్ల పప్పు, ఆయనకి పచ్చని ఆకు. పెట్టి పుట్టాలండి బాబూ."

నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఆ తాబేలు గురించి వాళ్ళకి ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

చేపల పడవవాళ్ళు దాన్ని సముద్రం మీద తేలుతుంటే చూసి తెచ్చారు. పేరుకి తాబేలు, కానీ మునగలేదు. ప్లాస్టిక్ మింగింది. పొట్టలో గాలి చేరి, వెనక భాగం బెండులా పైకి లేచి ఉండేది. కిందికి వెళ్ళాలని ముందు రెక్కలు కొట్టుకునేది, నీళ్ళు చిందేవి, అది మాత్రం ఉన్నచోటే ఉండేది. మునగలేని తాబేలు మేత మేయలేదు, పడవ వస్తే తప్పుకోలేదు. ఎండకి దాని వీపు మీద పెచ్చులు లేచాయి.

దానికి వైద్యం చేసే డాక్టరు కువైటీ ఆవిడ. మేమందరం ఆవిణ్ణి దక్తూరా అంటాం. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ దానికి సూదులు వేసింది, మందు పట్టింది, వీపు వెనక భాగానికి చిన్న బరువులు అతికించింది. ఒక ఉదయం తొట్టె కడగడానికి వెళ్తే దాని పెంటలో నల్ల సంచి ముక్క కనిపించింది. దాన్ని పట్టుకారుతో ఎత్తి పళ్ళెంలో పెట్టుకుని, ప్రసాదం తెచ్చినట్టు ఆవిడ గదికి పరిగెత్తాను.

ఆ తరువాత బరువులు ఒక్కొక్కటే తీసేశారు. చివరిది తీసిన రోజు దక్తూరా, నేను తొట్టె పక్కన నిలబడ్డాం. తాబేలు ఒక ఊపిరి తీసుకుంది. తల వంచింది. అంత పెద్ద ఒళ్ళు, ఇద్దరు మనుషులు ఎత్తితే గాని లేవని ఒళ్ళు, ఆకు రాలినంత తేలిగ్గా కిందికి దిగిపోయింది. అడుగున కడుపు ఆనించి, రెక్కలు ముడుచుకుని, కదలకుండా ఉండిపోయింది. ఎంతసేపు చూసినా పైకి రాలేదు. నాకు గాభరా వేసింది.

"దక్తూరా, ఊపిరి..."

"అది అడుగున విశ్రాంతి తీసుకుంటోంది. ఎన్నాళ్లయిందో పాపం పడుకుని," అంది ఆవిడ.

గోదావరి పాయ పక్కన పుట్టినవాణ్ణి. నీళ్లలో మునగడం నాకేం కొత్త కాదు. అయినా ఆ రోజు నీళ్లని మొదటిసారి చూసినట్టు ఉంది. మనకి నేల ఎలాగో దానికి ఆ అడుగు అలాగ. తన ఇంట్లో పడుకోవడం కోసం అది ఇన్నాళ్ళు పైన ఎండలో తేలుతూ కొట్టుకుంది.

ఆ రోజే ఆవిడ నాకు నియమాలు చెప్పింది. ఇకమీదట మేత చేత్తో పెట్టకూడదు, ఆకులు అడుగున పైపుకి కట్టి వదలాలి. దానితో మాట్లాడకూడదు. పేరు పెట్టకూడదు. మనిషిని చూస్తే మేత వస్తుందని అది నేర్చుకోకూడదు.

నేను తలూపాను. నెల తిరక్కుండానే తప్పాను.

చప్పట్ల మీద ఆశతోనే మొదలైంది. శనివారాల్లో సల్వా నుంచి ఒక చిన్న పాప వచ్చేది, తన అన్నతో. వాళ్ళని చూసుకునే ఆవిడ రాయచోటి మనిషి. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజు నుంచీ నన్ను అన్నా అనే పిలిచేది. కువైటీ పిల్లలు తాబేలుని హమ్సా అంటారు. ఆ పాప తొట్టె అంచు పట్టుకుని "హమ్సా! యల్లా హమ్సా!" అని, రా రమ్మని అరిచేది. హమ్సా అడుగునే ఉండేది. పాప మొహం చిన్నబోయేది.

మా అమ్మ కోళ్ళకి నూకలు వేసేటప్పుడు చేట అంచు మీద వేళ్ళతో కొట్టేది. పెరట్లో ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవి. ఒక శనివారం నా చేతిలో మేత బకెట్టు ఉంది. దాని అంచుని తొట్టె గోడకి ఆనించి అలాగే వేళ్ళతో కొట్టాను, ఆపైన నీళ్లలోకి దోసకాయ ముక్క చూపించాను. మొదటిరోజు రాలేదు. నాలుగైదు రోజులు ఎవరూ లేనప్పుడు అలవాటు చేశాను. మళ్ళీ శనివారం పిల్లలందరి ముందూ బకెట్టు మీద వేళ్ళు ఆడించగానే అది అడుగు నుంచి లేచి, నీళ్లు చీల్చుకుంటూ వచ్చి, నా చేతి కింద నోరు తెరిచింది.

పిల్లలు చప్పట్లు కొడుతూ ఎగిరారు. తల్లులు ఫోన్లు తీశారు. ఒకాయన నా భుజం తట్టి "వల్లా, నీ మాట వింటోందే!" అన్నాడు. నాకొచ్చిన అరబీలో నేనూ కథలు కట్టాను. నేనంటే దానికి ప్రాణం అన్నాను. దాని కంటి మూల నుంచి కారే నీళ్లు చూపించి, వాళ్ళమ్మని తలుచుకుని ఏడుస్తోందని చెప్పాను. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా కన్నీళ్లుగా బయటికి పంపుతుందని నాకు తెలుసు. సముద్రం తాగి, ఉప్పు వేరు చేసి, కంట్లోంచి వదిలే ప్రాణి. ఆ నిజమే పెద్ద అద్భుతం. దాని మీద నా అబద్ధం పూశాను.

పిల్లల కోసం చేశానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు నేను సెలవుకి వెళ్తే పెట్టె నిండా చాక్లెట్లు తీసుకెళ్ళేవాణ్ణి. గుమ్మంలో అడుగు పెట్టగానే పరిగెత్తుకొచ్చేది. నా దగ్గరికే వచ్చిందని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. ఒకసారి పెట్టె విమానంలో రాలేదు. పిల్ల నా చేతుల వైపు చూసి, వెనక్కి వెళ్ళి అమ్మ చెంగు పట్టుకుంది. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు. మరుసటి సెలవుకి ఇంకా పెద్ద పెట్టె కొన్నాను.

ఒక ఉదయం దక్తూరా తొట్టె దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. ఆవిడ నీడ నీళ్ల మీద పడగానే తాబేలు పైకి వచ్చింది. ఆవిడ ముందు నోరు తెరిచి ఆగింది. ఆవిడ మొహం తెల్లబోయింది.

"ఇది మేత అడుగుతోంది. ఎవరు పెట్టారు?"

నా నోట్లో మాట ముందే తయారుగా ఉంది. "పిల్లలు దక్తూరా. శనివారాలు వస్తారు కదా. నేను అటు తిరగ్గానే ఏదో ఒకటి వేస్తున్నారు."

ఆవిడ నన్ను అనుమానించలేదు. అదే నాకు ఇప్పటికీ ముల్లులా ఉంది. తాబేలు వైపు చూస్తూ మెల్లిగా చెప్పింది. "మనిషి దగ్గరికి వచ్చే తాబేలు పడవ దగ్గరికి కూడా వస్తుంది. పడవ కింద మర తిరుగుతూ ఉంటుంది. ఈ అలవాటు పోకపోతే నేను దీన్ని వదలలేను. బతికినన్నాళ్ళూ గాజు తొట్టెలోనే ఉండాలి."

ఆ వారమే తొట్టెల వైపు జనాన్ని రానివ్వడం ఆపేశారు.

శనివారం గేటు దగ్గర పాప గొంతు వినిపించింది. వెళ్ళాను. రాయచోటి ఆవిడ పాపని చంకనెత్తుకుని నిలబడి ఉంది. అన్న ఊచలు పట్టుకుని లోపలికి చూస్తున్నాడు.

"ఏమన్నా, గేటు మూసేసినారే? పొద్దున్నించి ఈ పాప ఒకటే పాట. హమ్సా, హమ్సా అని నా ప్రాణం తీస్తాంది."

"పిల్లలు నీళ్లలో తిండి వేస్తున్నారని ఆపేశారమ్మా."

"యా పిల్లోళ్ళు?"

"వచ్చేవాళ్ళు... ఎవరో."

ఆవిడ పాపని ఇంకో చంకకి మార్చుకుంది. "మేము వచ్చినప్పుడల్లా నేను చూస్తానే ఉండా గదన్నా. నువ్వే కొట్టి పిలుస్తాంటివి, నువ్వే పెడతాంటివి. ఈ పాప వేలు గూడా తడవనీలే నువ్వు."

నేను గేటు గొళ్ళెం పట్టుకుని అటూ ఇటూ కదిపాను.

"అయితే నువ్వు చేసిన దానికి పిల్లోళ్ళ మీద చెప్పినావా? భలే మొగోడివన్నా! మా ఇంట్లో గ్లాసు పగిలితే ఈ పిల్లోళ్ళు నా మీద చెప్తారు. వాళ్ళకి నాలుగేండ్లు, ఆరేండ్లు. నీకెన్ని?"

పాప ఆవిడ భుజం మీద తల పెట్టుకుని నన్నే చూస్తోంది. ఇన్నాళ్ళు నేను ఎవరి చప్పట్లకి ఆశపడ్డానో ఆ చేతులు ఆవిడ మెడ చుట్టూ ఉన్నాయి. నేను గేటు దగ్గర నుంచి సరాసరి దక్తూరా గదికి వెళ్ళాను.

నిలబడే చెప్పాను. బకెట్టు సంగతి, చేట సంగతి, చప్పట్ల సంగతి, పిల్లల మీద వేసిన నింద సంగతి. చేటకి అరబీలో ఏమంటారో తెలియక చేతులతో చెరిగి చూపించాను. ఇంకో రోజైతే ఆవిడకి నవ్వు వచ్చేదేమో. ఆ రోజు రాలేదు.

"కేంద్రం తెరిచింది పిల్లల కోసం," అంది. "నీ మాట మీద వాళ్ళకే గేటు మూశాను."

"నన్ను వేరే పనికి పంపించెయ్యండి దక్తూరా."

"పంపించొచ్చు. కానీ అది నేర్చుకున్నది నీ చప్పుడు. మరిచిపోయిందో లేదో చూడాలంటే నువ్వే కావాలి." ఆవిడ లేచి అంది, "ఇవాల్టి నుంచి నువ్వు దానికి కనిపించకూడదు. వినిపించకూడదు."

తొట్టె చుట్టూ నల్లటి గుడ్డ కట్టాం. ఆకులు రాతికి కట్టి, వెడల్పు గొట్టంలోంచి అడుగుకి జారవిడిచేవాణ్ణి. ఆ ఇనుప బకెట్టు ఆవిడ తన గదిలో పెట్టుకుంది. నేను చెప్పులు బయట విడిచి వెళ్ళేవాణ్ణి. పని చేస్తూ కూనిరాగాలు తీసే అలవాటు నాది, అదీ మానేశాను. దగ్గు వస్తే నోట్లో తువ్వాలు కుక్కుకుని బయటికి పరిగెత్తేవాణ్ణి. ఇన్నేళ్ల నా బతుకులో ఒక ప్రాణి పక్కన నేను లేనట్టు ఉండటం అదే మొదలు.

అప్పుడే దాన్ని నిజంగా వినడం మొదలుపెట్టాను. గుడ్డకి ఇవతల నిలబడితే రెక్క నీళ్లని నెట్టే చప్పుడు తెలిసేది. చాలాసేపు ఏమీ ఉండదు. తరువాత ఆ నిట్టూర్పు. ఒక్క ఊపిరితో అంతసేపు కింద ఏం చేస్తుందో, ఏం తలుచుకుంటుందో! మనుషుల కన్నా ఎంతో ముందు నుంచి ఈ జాతి సముద్రంలో ఇలాగే ఊపిరి తీసి మునుగుతోందట. దానికి నా బకెట్టు చప్పుడు నేర్పి గొప్పవాణ్ణనుకున్నాను.

తరువాతి శనివారం గేటు ఇంకా మూసే ఉంది. రాయచోటి ఆవిడ మళ్ళీ వచ్చింది. నిజం చెప్పేశానని, అయినా తాబేలుకి మనుషులు కనపడకూడదు కాబట్టి చూపించలేమని చెప్పాను.

"అది మనల్ని చూడగూడదు, అంతే గదా? మనం దాన్ని చూస్తే ఏం పోతాది?" అంది. "ఈ పాపని బళ్ళో వేసిన కొత్తల్లో నన్ను చూస్తే చాలు, ఏడ్చి లేచి వచ్చేస్తాండె. టీచరు నన్ను పొమ్మన్నాది. నేను పోతానా? గేటు సందులోంచి చూస్తా నిలబడుకున్యా. నేను కనపడలే, పాప ఆడుకుంటా ఉండె. మీ గుడ్డకి ఒక సందు పెట్టలేరా అన్నా?"

ఆ మాట దక్తూరాకి చెప్పాను, ఎవరు చెప్పారో కూడా చెప్పాను. ఆవిడ కత్తెర తీసుకుని వచ్చి, పిల్లల కళ్ళ ఎత్తుకి గుడ్డలో సన్నటి చీలికలు కోసింది.

గేటు తెరిచారు. పిల్లలకి చెప్పే పని మళ్ళీ నాకే ఇచ్చింది ఆవిడ. ఈసారి చెప్పాల్సింది ఒకటే, మాట్లాడకూడదు, కొట్టకూడదు, అది మనల్ని కనిపెట్టకూడదు. కన్నీళ్ల గురించి కూడా సరిగ్గా చెప్పాను, ఉప్పు అని. ఒక పిల్లాడు తన కన్ను నులుముకుని వేలు నాకి చూసి, "నాదీ ఉప్పే!" అన్నాడు.

అంతవరకూ గోల చేసినవాళ్ళు గుడ్డ దగ్గరికి రాగానే ఎంత నిశ్శబ్దం అయిపోయారని! వరసగా ఒక్కొక్క చీలికకి ఒక్కొక్క కన్ను. సల్వా పాప అన్న, తాబేలు మునగగానే తనూ ముక్కు మూసుకున్నాడు. మొహం కందిపోయేదాకా పట్టి, ఓడిపోయి, గుటకలు మింగుతూ ఊపిరి తీసుకున్నాడు. తాబేలు ఇంకా అడుగునే ఉంది. వాడు నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు, అంతే. నా ఆట చూసిన రోజున ఏ పిల్లాడి మొహంలోనూ ఆ చూపు లేదు. అప్పుడు వాళ్ళు నన్ను చూసి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు దాన్ని చూస్తున్నారు.

కొన్ని వారాల తరువాత దక్తూరా బకెట్టు తెచ్చి నా చేతికిచ్చింది. గుడ్డ ఒక వైపు తీశారు.

"ఎప్పుడూ కొట్టినట్టే కొట్టు. అది రాకూడదని మెల్లిగా కొట్టి నన్ను మోసం చెయ్యకు."

కొట్టాను. అడుగున తల కదిలింది. రావద్దు, రావద్దు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. అది లేచింది. తిన్నగా నా దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ దాచి ఏం చేసుకోను? ఆ ఒక్క క్షణం నా గుండె సంతోషంతో పొంగింది. నన్ను మరిచిపోలేదు! మరుక్షణం గాజు తొట్టె కళ్ళ ముందు మెదిలింది. ఖాళీ చెయ్యి వెనక్కి పెట్టుకుని కూలబడ్డాను. దక్తూరా గుడ్డ మళ్ళీ వేసింది.

అన్ని రోజులూ నేను చెప్పులు విడిచి నడిచాను, దగ్గు మింగాను, కానీ లోపల ఎక్కడో అది నన్ను గుర్తుపెట్టుకోవాలనే కోరుకున్నానని ఆ రోజు తెలిసింది. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు మా అమ్మాయి వాళ్ళమ్మతో ఏదో చెప్పి నవ్వుతోంది. మామూలుగా అయితే "నాతో మాట్లాడవేం?" అని మధ్యలో దూరేవాణ్ణి. ఊరుకున్నాను. వాళ్ళిద్దరూ నవ్వుకుంటుంటే వింటూ కూర్చున్నాను.

చలి తగ్గి నీళ్లు వేడెక్కాయి. ఒక ఉదయం దక్తూరా మళ్ళీ బకెట్టు తెచ్చింది. ఈసారి గుడ్డ వెనక చీలికల దగ్గర శనివారం పిల్లలు కూడా ఉన్నారు. రాయచోటి ఆవిడ పాప నోటి మీద తన అరచెయ్యి పెట్టి పట్టుకుంది.

గట్టిగా కొట్టాను. మా అమ్మ చేట మీద కొట్టినట్టే, ఏమీ దాచకుండా.

తాబేలు అడుగున ఉంది. కదల్లేదు. మళ్ళీ కొట్టాను. తల ఎత్తింది. లేచింది, పైకి వస్తోంది. నా వైపు కాదు. అవతలి గోడ పక్కన తల బయట పెట్టి, ఒక నిట్టూర్పు విడిచి, గుక్కెడు గాలి తీసుకుని మళ్ళీ కిందికి దిగింది.

"చెయ్యి చాపు," అంది దక్తూరా.

దోసకాయ ముక్కతో నీళ్ల మీదికి వంగాను. నా నీడ పడగానే అది ఒక్కసారి రెక్క విదిలించింది. నా మొహం నిండా నీళ్లు. తుడుచుకుని చూసేసరికి అవతలి మూలకి వెళ్ళి నాకు వీపు తిప్పి ఉంది. నన్ను చూసి భయపడింది. నా చేతిలో తిన్న ప్రాణి నన్ను చూసి పారిపోయింది!

"ఖలాస్," అంది దక్తూరా. ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదలు. "ఇది సముద్రానిది."

గుడ్డ వెనక నుంచి రాయచోటి ఆవిడ గొంతు సన్నగా వినిపించింది. "ఏడుస్తాండావా అన్నా?"

"ఉప్పు," అన్నాను.

వదిలే రోజు దాన్ని తడి తువ్వాళ్ళు కప్పి, దక్షిణాన జనం తక్కువుండే తీరానికి తీసుకెళ్ళాం. పిల్లలు దూరంగా వరసగా నిలబడ్డారు. చప్పట్లు కొట్టకూడదని వాళ్ళకి చెప్పింది నేనే. ఇసుక మీద దించగానే అది కాసేపు తల ఎత్తి ఉండిపోయింది. ఏ వైపు వెళ్ళాలో ఎవరూ చూపించలేదు. రెక్కలతో ఇసుకని వెనక్కి లాగుతూ, ఆగి నిట్టూరుస్తూ, మళ్ళీ లాగుతూ వెళ్ళింది. భూమి మీద అంత కష్టంగా ఉన్న ఒళ్ళు, మొదటి అల కిందికి రాగానే బరువంతా పోగొట్టుకుంది. రెండో అలకి వీపు మాత్రమే కనిపించింది. మూడో అలకి ఏమీ లేదు.

ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి, మేం చూస్తున్న చోటుకి ఎంతో దూరంగా, ఎదురుచూడని వైపున, ఒక చిన్న నల్లటి తల పైకి వచ్చింది. అంత దూరం నుంచి ఊపిరి చప్పుడు వినిపించదు. అయినా పిల్లలందరూ వినడానికి మెడలు చాచారు. పాప చేతులు రెండూ దగ్గరికి వచ్చాయి, రాయచోటి ఆవిడ వాటిని తన చేతుల్లోకి తీసుకుంది.

నా వేళ్ళు నా తొడ మీద వాటంతటవే ఆడబోయాయి. పిడికిలి బిగించాను. తల మునిగింది. నీళ్లు మూసుకున్నాయి.